ఇంటర్వ్యూలో చూపు ఎక్కడ ఉండాలె?

హనుమకొండలో కోచింగ్ తీసుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంటర్వ్యూకు పోయేముందు ఈ ఒక్కటి అలవాటు చేసుకోండి.

ఇంట్ల బాపుతోనో పెద్దబాపుతోనో మాట్లాడేటప్పుడు చూపు దించుకునుడు మన దగ్గర మర్యాద. అది మంచి అలవాటే. కానీ ఇంటర్వ్యూ గదిలో అదే భయం లెక్క కనిపిస్తది. అట్లని రెప్ప వేయకుండ చూస్తే ఎదుటివాళ్లకు ఇబ్బంది.

మనుషులు సాధారణంగా వినేటప్పుడు ఎక్కువ చూస్తరు, మాట్లాడేటప్పుడు తక్కువ. ఆడమ్ కెండన్ అనే పరిశోధకుడు ఇద్దరిద్దరి ముచ్చట్లను ఫిల్ము తీసి పరిశీలించి 1967లో ఒక సంగతి రాసిండు: ఎక్కువసేపు చెప్పేది మొదలుపెట్టేటప్పుడు చూపు పక్కకు పోతది, ముగించేటప్పుడు మళ్ల ఎదుటివాళ్ల మీదికి వస్తది. 'నాది అయిపోయింది, ఇగ మీరు చెప్పండి' అని ఆ చివరి చూపే తెలుపుతది.

అందుకే ప్రశ్న అడుగుతున్నంతసేపు అడిగేవాళ్లనే చూడండి. ఆలోచించేటప్పుడు చూపు పక్కకు పోతే పోనీయండి, తప్పేం లేదు. ఆఖరి వాక్యం మాత్రం వాళ్ల కండ్లల్లకు చూసి ముగించండి. చాలామంది పిల్లలు సరిగ్గా అక్కడనే తల దించుతరు. మంచి జవాబు గూడ సగంల ఆగినట్టు అనిపిస్తది, నాకు పానం ఉసూరుమంటది.

బోర్డుల నలుగురుంటే నడుమ మిగిలినవాళ్లనూ చూసి, చివరికి ప్రశ్న అడిగినవాళ్ల దగ్గరికే రండి. వీడియో కాల్ అయితే స్క్రీన్ మీది ముఖాన్ని కాదు, కెమెరాను చూడాలె. కండ్లల్లకు చూసుడు మరీ కష్టమైతే కనుబొమ్మల నడుమ చూడండి, బల్లకు అవతల కూసున్నోళ్లకు తేడా పెద్దగ తెల్వది.