జనవరి 26న ఆస్ట్రేలియా పౌరసత్వ ప్రమాణానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

- ఫిబ్రవరి మొదట్లో ఇండియా టికెట్ ఉంటే వెనక్కి జరపండి. ప్రమాణం చేయగానే మీ వీసా పోతుంది, ఇండియన్ పాస్‌పోర్టూ వాడకూడదు, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు, ఆపైన ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత మూలాలవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) లేదా ఇండియా వీసా చేతికొచ్చాకే ప్రయాణం.
- ఆహ్వాన పత్రం, ఫోటో ఐడీ ముందురోజు రాత్రే బ్యాగులో పెట్టేయండి. గుమ్మం దగ్గరే అడుగుతారు.
- ప్రమాణం దేవుడి పేరుతో ఒకటి, లేకుండా ఒకటి. ఏది చదవాలో ఇంట్లోనే తేల్చుకుని రెండుసార్లు పైకి చదవండి, మన రిపబ్లిక్ డే రోజే కదా, గొంతు పట్టేస్తుంది.
- సర్టిఫికెట్‌లో పేరు స్పెల్లింగ్ అక్కడే చూడండి. పాస్‌పోర్టుకు అదే ఆధారం.
- ఓటరు నమోదు ఆలస్యం చేయొద్దు, అక్కడ ఓటు తప్పనిసరి.
- చాలా కౌన్సిళ్లు (అక్కడి మున్సిపాలిటీలు) అదే వేదికపై స్థానిక సేవకులకు అవార్డులిస్తాయి. ఫోటోల కోసం మధ్యలో లేచిపోకండి, ఏళ్లుగా ఊరికోసం జీతం లేకుండా పనిచేసినవాళ్లు వాళ్లు, చప్పట్లు గట్టిగా కొట్టండి.