స్లైడు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: అంటుకుందా, పక్కన పడి ఉందా?

పోయిన పాఠంలో కవర్‌స్లిప్ (పల్చటి గాజు బిళ్ళ) మీద హెప్-2 అనే మనిషి కణాలు పెంచాం. అంటుకుంటుందో లేదో చూడటానికి వాటి మీద ఈ.కోలై బాక్టీరియాను వదిలి, మూడు గంటలాగి కడిగాం. మిథనాల్‌తో స్థిరపరచి జీంసా రంగు వేయడంతో ఆ పాఠం ముగిసింది. ఇప్పుడా స్లైడు నూరు రెట్ల ఆయిల్ లెన్సు కింద ఉంది.

చూపు ముందుగా కణాల మీదికి పోనివ్వకండి. కణాల మధ్య ఖాళీ గాజును చూడండి. అక్కడా బాక్టీరియా దండిగా ఉందంటే రెండిట్లో ఒకటి జరిగింది: కడగడం చాలలేదు, లేదా గాజుకు కూడా పట్టుకునే రకం మీ చేతికి చిక్కింది. ఏదన్నది తేల్చేది పక్కనున్న కంట్రోల్ స్లైడే. అదే రోజు, అదే చేత్తో, అన్నేసి సార్లు కడిగిన, కె-12 అనే హానిలేని ఈ.కోలై రకం వేసిన స్లైడు అది. దాని గాజు మీదా చెత్త ఉంటే తప్పు కడగడంలో ఉంది. అది శుభ్రంగా ఉండి మీది మాత్రమే నిండి ఉంటే అసలు సంగతి మీ బాక్టీరియాలోనే ఉంది. కంట్రోల్ లేని స్లైడును నేనైతే చదవను.

ఇక కణాల మీదికి వద్దాం. మూడు తీరులు కనిపిస్తాయి. బాక్టీరియా అక్కడక్కడా చిక్కటి గుత్తులుగా ఉండి, మిగతా కణమంతా ఖాళీగా ఉంటే అది స్థానిక తీరు. పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే ఎంటరోపాథోజెనిక్ ఈ.కోలై (ఇకపై ఈపెక్) చేసే పని ఇదే. కణం అంతటా విడివిడిగా పరుచుకుంటే వ్యాపక తీరు. ఇటుకలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి, కణం మీదా గాజు మీదా వరుసకట్టి ఉంటే సామూహిక తీరు. పైన గాజు గురించి అంత పట్టుబట్టింది ఈ మూడోదాని కోసమే.

బాక్టీరియాను కణాల మీద వదిలిన ద్రావణంలో 1 శాతం డి-మానోజ్ అనే చక్కెర ఎందుకు కలిపామో చాలామంది అడిగారు. రోగం తెచ్చేవైనా తేకపోయినా చాలా ఈ.కోలై రకాలకు టైప్-1 ఫింబ్రియాలు (ఒంటి మీది వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు) ఉంటాయి. వాటి కొసనున్న ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్ మన కణాల ఉపరితలం మీది మానోజ్ చక్కెరలను పట్టుకుంటుంది. ద్రావణంలోనే మానోజ్ దొరికితే ఆ కొసలన్నీ దానితోనే నిండిపోతాయి. అప్పటికీ కణాన్ని వదలని బాక్టీరియా వేరే సాధనంతో పట్టుకుందన్నమాట. మనకు కావలసింది ఆ సాధనం. మానోజ్ బదులు గ్లూకోజ్ వేస్తే ఈ పని జరగదు.

గుత్తులు కనిపించగానే ‘గట్టిగా అంటుకుంది’ అని రాసేయకండి. ఈపెక్ గుత్తి కట్టడం వెనక ఉన్నవి ప్రధానంగా కట్టలు కట్టే పిలైలు (ఇవీ వెంట్రుకల్లాంటి పోగులే), అంటే బీఎఫ్‌పీ. అవి బాక్టీరియాను బాక్టీరియాతో కలిపి ఉంచుతాయి. గుత్తి ఉన్నంత మాత్రాన కింది కణంలో ఏదో జరిగిందని జీంసా రంగు చెప్పలేదు. దానికి రెండో కవర్‌స్లిప్ కావాలి, దీన్ని మిథనాల్‌తో స్థిరపరచకూడదు. మిథనాల్ తగిలితే, కణానికి అస్థిపంజరంలాంటి ఆక్టిన్ పోగులకు, వాటిని పట్టుకునే ఫాలాయిడిన్ సరిగా పట్టదు. ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచండి. ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో కణపొరకు రంధ్రాలు చేయండి. ఆ తర్వాత మెరిసే రంగు తగిలించిన ఫాలాయిడిన్ వేయండి. (విషపు పుట్టగొడుగు నుంచి వచ్చిన పదార్థమిది, చేతి తొడుగులు మరవకండి.) 1989 నుంచి ఈపెక్‌ను గుర్తించడానికి వాడుతున్న పరీక్ష ఇది. గుత్తిలో ఒక్కొక్క బాక్టీరియా కిందా చిక్కటి వెలుగు చుక్క కనిపిస్తే ఆక్టిన్ అక్కడికి చేరి, బాక్టీరియాను పైకెత్తే పీఠం కట్టిందని అర్థం. అక్కడి సూక్ష్మచూషకాలు (కణం పైనుండే వేళ్ళలాంటి సన్నటి పొడుచుకులు) అప్పటికే చదునైపోయి ఉంటాయి.

ఆ పీఠం ఎలా లేస్తుందన్నది ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఈపెక్ పైపొర మీద ఇంటిమిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది పట్టుకునే గ్రాహకం మన కణానిదేనని చాలాకాలం అనుకున్నారు. సుమారు 90 కిలోడాల్టన్ల బరువని చూసి దానికి హెచ్‌పీ-90 అని పేరు కూడా పెట్టారు. 1997లో బ్రెట్ ఫిన్లే ప్రయోగశాలలో బ్రెండన్ కెన్నీ బృందం అది బాక్టీరియా సొంత సరుకని తేల్చింది. దాని పేరు టిర్. ఈపెక్ తన టైప్-3 స్రావ వ్యవస్థలోని సన్నటి బోలు నాళం గుండా టిర్‌ను మన కణంలోకి దూరుస్తుంది. లోపలికెళ్ళిన టిర్ కణపొరలో హెయిర్‌పిన్ ఆకారంలో కూర్చుంటుంది: మధ్య మెలిక బయటికి, రెండు కొసలు లోపలికి. బయటి మెలికను ఇంటిమిన్ పట్టుకుంటుంది. ఊరివాళ్ళ గోడకు తనే మేకు కొట్టి దానికే సంచీ తగిలించుకోవడమంటే ఇదే.

ఈపెక్ టిర్ లోపలి కొసలో 474వ స్థానంలో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి మన కణపు ఎంజైములే ఫాస్ఫేటు తగిలిస్తాయి. దానికి ఎన్‌సీకే అనే ప్రోటీన్ వచ్చి చేరుతుంది. అది ఎన్-వాస్ప్ అనే ప్రోటీన్‌ను, ఎన్-వాస్ప్ ఆర్ప్ 2/3 అనే ప్రోటీన్ల సముదాయాన్ని పనిలోకి దించుతాయి. అక్కడినుంచి ఆక్టిన్ పోగులు పెరుగుతాయి. మీ స్లైడులో మెరిసే చుక్క ఈ గొలుసుకు చివరి కొస. అందుకే చుక్క లేకపోతే ‘అంటుకోలేదు’ అని రాయకండి. ‘గుత్తి ఉంది, ఆక్టిన్ లేదు’ అని రాయండి.

అభ్యాసం. మీ దగ్గర రెండు ఈపెక్ మ్యూటెంట్లు (జన్యువులు మార్చిన రకాలు) ఉన్నాయి. ‘అ’లో ఇంటిమిన్ జన్యువు లేదు, మిగతావన్నీ ఉన్నాయి. ‘ఆ’లో ఇంటిమిన్ ఉంది, టైప్-3 నాళం లేదు. విడివిడిగా వేస్తే రెండిటి కిందా ఆక్టిన్ చుక్కలు రాలేదు. ముందు ‘అ’ను మూడు గంటలుంచి, యాంటీబయాటిక్‌తో చంపి, కడిగి, అవే కణాల మీద ‘ఆ’ను వేశారు. ఈసారి ‘ఆ’ కింద చుక్కలు మెరిశాయి. కణంలో ‘అ’ ఏం వదిలి వెళ్ళింది? ‘ఆ’ ఏం తెచ్చింది? ముందు ‘ఆ’, తర్వాత ‘అ’ అని వరుస మార్చి, మొదటిదాన్ని అలాగే చంపి కడిగితే, రెండోదాని కింద ఏం చూస్తామని ఆశిస్తారు? జవాబులు రాసిపెట్టుకోండి, 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది.