తప్పు మనవల్లే జరిగితే ఎలా ఒప్పుకోవాలి?

ఆదోని దగ్గర పల్లెల్లో నేను కూలికి పొలాలకు మందు కొడతాను. రెండేళ్ల కిందట ఒకరి మొక్కజొన్నలో కలుపుకు 2,4-డి అనే మందు కొట్టి, ఆ మందు కొట్టే పంపును ఉత్త నీళ్లతో కడిగి, మూడో రోజు అదే పంపుతో ఒక అన్న పత్తిలో పురుగు మందు కొట్టాను. వారానికి ఆకులు బెండాకుల్లా సన్నగా చీలిపోయాయి. పత్తికి 2,4-డి అస్సలు పడదు, ట్యాంకు అడుగున కాస్త మిగిలినా చాలు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. మీది వేరే పని కావచ్చు, ఒప్పుకునే పద్ధతి మాత్రం ఇదే.

ముందు మీరే వెళ్లి, ఎదురుగా నిలబడి చెప్పండి. ఫోన్లో వద్దు. నేను భయపడి రెండు రోజులు ఆగాను, ఆలోగా ఆయన అది తెగులనుకుని ఇంకో మందు కొని కొట్టించాడు, పైగా విత్తనం నకిలీదని షాపతనితో గొడవ పడ్డాడు. మనం నోరు మూసుకుంటే నింద ఏ పాపం తెలియని వాళ్ల మీద పడుతుంది.

మాట చిన్నదిగా ఉండాలి. "అన్నా, నీ చేను పాడైంది నావల్లే, పంపు సరిగా కడగలేదు." అంతే. నీళ్లు దొరకలేదు, ఆ రోజు పని ఎక్కువ అనేవి నిజమైనా, ఆయన అడిగితేనే చెప్పండి.

తిడతారు, అడ్డం పడకండి. నాకు ఆయన తిట్లకన్నా, వాళ్లింటి అక్క ఏమీ అనకుండా చేను వైపు చూస్తూ నిలబడటమే ఎక్కువ బాధనిపించింది.

తర్వాత ఇద్దరూ కలిసి చేనంతా తిరగండి. మా దగ్గర మొదటి రెండు ట్యాంకులు పడిన సాళ్లే బాగా దెబ్బతిన్నాయి, మిగతా సాళ్లలో కొత్త చిగుళ్లు మామూలుగానే వచ్చాయి. రైతు సేవా కేంద్రం నుంచి ఎవరినైనా పిలిచి చూపిస్తే నష్టం ఎంతన్నది మన ఇద్దరి నోటిమాటగా మిగలదు. డబ్బు దగ్గర "చూద్దాంలే అన్నా" అనకండి, ఎంత, ఎప్పుడు అన్నది ఆ రోజే తేల్చుకోండి. నేను కూలి వెనక్కిచ్చి, మిగతాది మూడు కంతుల్లో కట్టాను.

ఇక ఆ తప్పు మళ్లీ జరగకుండా చూసుకోవాలి. కలుపు మందుకు వేరే పంపు కొని, దానికి ఎర్ర రంగు పూశాను. ఇప్పటికీ ఆ అన్న చేలోకి వెళ్తే ముందు నా పంపు మూత తీసి వాసన చూస్తాడు. మిమ్మల్నీ అలాగే చూస్తారు, కోపం తెచ్చుకోకుండా చూడనివ్వండి.