విజయనగరం ఉక్కపోతలో హస్కీ: ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి

విజయనగరంలో మా ఇంట్లో ఐదేళ్ల సైబీరియన్ హస్కీ కుక్క ఉంది, పేరు చిట్టి. నీలికళ్లు చూసి ముచ్చటపడి కొనుక్కుని, మొదటి ఎండాకాలానికే బెంబేలెత్తినవాళ్లు నన్ను అడిగే సమస్యలే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈశాన్య సైబీరియాలో చుక్చీ జనం మంచు మీద బండ్లు లాగించడానికి పెంచుకున్న జాతి ఇది. కొద్దిపాటి తిండితో రోజంతా పరిగెత్తగలదు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలితే, సుమారు 1,085 కిలోమీటర్లు బండ్ల మీద మందు చేరవేసిన కుక్కల్లో పేరు మోసిన టోగో, బాల్టో ఈ జాతివే. అలాంటి కుక్కను మన ఉక్కలో, నాలుగు గోడల మధ్య పెట్టాం. మనం "అల్లరి", "మొండితనం" అనే వాటిలో చాలావాటికి మూలం ఒంట్లో వేడి, తీరని పరుగు.

ఆగకుండా రొప్పుతోంది, చొంగ కారుస్తోంది, తూలుతోంది

ఇది వడదెబ్బ. మిగతావన్నీ రేపు చూసుకోవచ్చు, దీనికి నిమిషాలే ఉంటాయి.

చిట్టి వచ్చిన మొదటి ఏడాది, రోహిణీ కార్తెలో, సాయంత్రం ఆరున్నరకు పెద్ద చెరువు వైపు నడిపించాను. ఎండ లేదు కదా అనుకున్నాను. తిరిగొచ్చాక తులసికోట పక్కన గచ్చు మీద పొట్ట ఆనించి పడుకుంది. చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగాయి. చొంగ గంజిలా చిక్కబడి మూతి నుంచి తీగలు సాగుతోంది. పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా తిప్పలేదు. థర్మామీటర్ పెడితే 105 దాటింది. కుక్కకు మామూలుగా ఉండాల్సింది 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్.

కారణం మన గాలిలోని తేమ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పినప్పుడు నోట్లో, నాలుక మీద తడి ఆరడం వల్లే చల్లబడుతుంది. ఉక్కలో ఆ తడి ఆరదు. అందుకే "బయట 36 డిగ్రీల సెల్సియసే కదా" అన్న ధీమా వద్దు. తేమ ఎక్కువగా ఉన్న 36, పొడిగా ఉన్న 40 కంటే ప్రమాదం కావచ్చు.

వెంటనే నీడలోకి తీసుకెళ్లి, కుళాయి నీళ్లు పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద ధారగా పోయండి. ఫ్యాన్ నేరుగా ఒంటికి తగలాలి. తడి దుప్పటి కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఐసుగడ్డలతో రుద్దకండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. 103కు దిగగానే తడపడం ఆపి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. లేచి తోక ఊపినా సరే, తీసుకెళ్లాల్సిందే. కిడ్నీలకు తగిలిన దెబ్బ, రక్తం గడ్డకట్టడంలో వచ్చే తేడా ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు. చిట్టికి ఆ రాత్రి సెలైన్ పెట్టారు, బతికింది.

ఇక ముందుజాగ్రత్త. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాకింగ్ తెల్లవారుజామున ఐదింటికి, లేదంటే రాత్రి తొమ్మిది దాటాక. రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు దాని పాదాలను కాలుస్తుంది. మన దగ్గర కూలర్ పెద్దగా పనిచేయదు, గదిలో తేమను ఇంకా పెంచుతుంది. పగలు ఏసీ గది కావాలి. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ఆలోచించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మనకు తెలుసు. ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాన్, తడిపి ఉంచగలిగే గచ్చు, నిండుగా నీళ్ల తొట్టి, ఈ మూడూ సిద్ధంగా ఉండాలి. ఏసీ పెట్టే స్థోమత లేకపోతే హస్కీని తీసుకోకండి. ఈ మాట దాన్ని ప్రేమించే మనిషిగానే చెబుతున్నాను.

ఇల్లంతా బొచ్చే, గుండు కొట్టించేద్దామా?

వద్దు. హస్కీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది. లోపలిది మెత్తని ఉన్ని, పైది గరుకు వెంట్రుక. ఏడాదికి రెండుసార్లు లోపలి ఉన్ని గుత్తులు గుత్తులుగా ఊడుతుంది. వేడి ప్రాంతాల్లో ఏడాది పొడుగునా కొంత రాలుతూనే ఉంటుంది. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపేది ఆ పై పొరే. ఒక గ్రూమింగ్ షాపులో "సమ్మర్ కట్ చేసేద్దాం మేడం, హాయిగా ఉంటుంది" అని మిషన్ చేతిలోకి తీసుకుంటే, ఆపి తీసుకొచ్చేశాను. గొరిగించిన కుక్కల్లో కొన్నింటికి పైబొచ్చు మళ్లీ సరిగా రాదు, అతుకులు అతుకులుగా మొలుస్తుంది.

చేయాల్సింది దువ్వడం. వారానికి మూడుసార్లు, ఉన్ని ఊడే రోజుల్లో రోజూ, పొడవాటి పళ్ల దువ్వెనతో, పెరట్లో. లోపలి ఉన్ని పోతే గాలి చర్మానికి తగులుతుంది. వానాకాలంలో స్నానం చేయిస్తే మొదళ్ల దాకా ఆరబెట్టండి. తడి నిలిస్తే రెండు రోజుల్లో ఎర్రటి పుండు లేస్తుంది.

రాత్రిపూట ఊళ పెడుతోంది, ఇరుగుపొరుగు గొడవ పడుతున్నారు

హస్కీ మొరిగేది తక్కువ, ఊళ పెట్టేది ఎక్కువ. అంబులెన్స్ సైరన్, గుడి మైకు, ఒంటరితనం, ఏది విన్నా ఏది తోచినా గొంతెత్తుతుంది. మన దగ్గర కుక్క ఏడిస్తే కీడు అంటారు. పక్కింటి మామ్మగారు మా గుమ్మం దాకా వచ్చి, "ఏటమ్మా, మీ కుక్క రేత్రంతా ఏడుస్తంది? ఎవులికేటవుద్దో ఏటో!" అన్నారు. ఆవిడ ఇంట్లో పెద్దాయనకు అప్పుడే ఒంట్లో బాగాలేదు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు.

మర్నాడు ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఫోన్‌లో సైరన్ వినిపించాను. చిట్టి మూతి పైకెత్తి, తోక ఊపుతూ రాగం తీసింది. మామ్మగారు కాసేపు చూసి, "ఓసి, ఇది ఏడుపు కాదు, పాట!" అన్నారు. ఆ తర్వాత గొడవ లేదు. కాబట్టి ఊళ మొదలయ్యేలోపే పొరుగువాళ్లకు కుక్కను చూపించి, పరిచయం చేయండి. రాత్రి పడుకోబోయే ముందు బాగా నడిపించండి. పెరట్లో ఒంటరిగా కట్టేయకుండా, మనుషులున్న గదిలో పడుకోనివ్వండి. ఊళ పెట్టినప్పుడల్లా వెళ్లి బిస్కెట్ పెడితే మాత్రం, బిస్కెట్ కోసమే పెడుతుంది.

గేటు దాటి పారిపోతోంది, పెరడంతా గోతులు, కోళ్లను పట్టింది

వేటబుద్ధి, పరుగుబుద్ధి దీని రక్తంలోనే ఉన్నాయి. పిలిస్తే వస్తుందన్న నమ్మకంతో లీష్ విప్పకండి, ఎంత నేర్పినా సరే. ప్రహరీ ఆరడుగులు ఉండాలి. గోడ మొదట్లో ఒక అడుగు లోతున జాలీ పాతించండి. పట్టీ మీద ఫోన్ నంబరు రాయించండి. కోళ్లు, మేకలు, పిల్లులు తిరిగే వీధిలో గేటుకు లోపల ఇంకో చిన్న గేటు పెట్టుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. గోతులు తవ్వేది చల్లని మట్టి కోసం. చెట్టు కింద కాస్త ఇసుక పోసి తడిపి ఉంచితే, అక్కడే తవ్వుకుంటుంది. మన పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం రోజున, దీపావళికి తలుపులు వేసి లోపలే ఉంచండి.

తిండి ముట్టడం లేదు

హస్కీ తిండి సహజంగానే తక్కువ, ఎండల్లో ఇంకా తక్కువ. మగది 20 నుంచి 27 కిలోలు, ఆడది 16 నుంచి 23 కిలోలు ఉంటే చాలు. చురుగ్గా ఉంటే కంగారు వద్దు. కానీ తిండి మానేసి, నీరసంగా పడుకుని, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా అది పిడుదులు కుడితే వచ్చే టిక్ ఫీవర్ కావచ్చు. ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. బొచ్చు దట్టం కాబట్టి పిడుదులు పైకి కనిపించవు, చెవుల వెనక, కాలివేళ్ల మధ్య వేళ్లతో తడిమి చూడాలి.

కళ్ల చుట్టూ, మూతి చుట్టూ పొలుసులు కడుతున్నాయి

చాలామంది గజ్జి అనుకుని ఆయింట్‌మెంట్ రాస్తూ నెలలు గడిపేస్తారు. హస్కీల్లో కొన్నింటికి పుట్టుకతోనే జింక్ సరిగా ఒంటబట్టదు. పెరుగన్నం, చోడి (రాగి) అంబలి, రొట్టెలే రోజూ పెడితే ధాన్యాల్లో ఉండే పదార్థాలు ఆ కాస్త జింక్‌నూ అడ్డుకుంటాయి. మాంసం, గుడ్డు ఉన్న తిండి పెట్టండి, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. జింక్ మాత్రలు మాత్రం డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ఎక్కువైతే విషం.

ఇంకా కొనలేదు, "ఇంపోర్టెడ్ పిల్ల" అంటున్నారు

బ్రీడింగ్ కోసం, అమ్మకం కోసం కుక్కల దిగుమతిని కేంద్రం 2016లోనే ఆపేసింది. ఆ మాటకు అదనంగా డబ్బు కట్టకండి. తల్లిదండ్రుల్ని చూపించమనండి, వాటి కళ్లు చూడండి. ఈ జాతిలో చిన్న వయసులోనే శుక్లాలు రావడం ఉంది.

కుక్క ఇంటికి రాకముందే డాక్టర్‌ను వెతికి పెట్టుకోండి. మన జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మా ఫ్రిజ్ తలుపు మీద మూడు అతికించి ఉంటాయి: డాక్టర్ నంబరు, కవర్లో థర్మామీటర్, అర్ధరాత్రి కుక్కను ఎక్కించుకోవడానికి ఒప్పుకున్న ఆటో అతని నంబరు.