పాకం పాఠాలు – 3: థర్మామీటరు ఎంపిక

పాకపు చుక్కను చన్నీళ్లలో వేసి, ఉండ కడుతోందో లేదో వేళ్లతో చూడడం గత పాఠంలో నేర్చుకున్నాం. అలా చూసే అరనిమిషంలోనే పొయ్యి మీది పాకం ముదిరిపోవచ్చు కనుక థర్మామీటరు అవసరమవుతుంది. పాకం మరిగేకొద్దీ నీరు ఆవిరై చక్కెర గాఢత పెరుగుతుంది, దానితోపాటు మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. అందుచేత ఉష్ణోగ్రత తెలిస్తే పాకం ఏ దశలో ఉందో తెలిసినట్టే. పంచదార పాకం సుమారు 112–116 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తని ఉండ కడుతుంది, 121–130 మధ్య గట్టి ఉండ కడుతుంది, 146–154 మధ్య పుటుక్కున విరిగే ముదురుపాకం అవుతుంది.

కాబట్టి 200 డిగ్రీల వరకు చూపేది, ఒక్కొక్క డిగ్రీ స్పష్టంగా చదవగలిగేది కొనాలి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు. మాంసం కోసం అమ్మే డయల్ రకాల్లో చాలావాటి కొలత ముదురుపాకం దాకా వెళ్లదు. తాకకుండా కొలిచే ఇన్‌ఫ్రారెడ్ రకం పై పొరను మాత్రమే చూస్తుంది, మధ్యలో ఆవిరి అడ్డుపడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసింది మీ గిన్నెలో పాకం లోతు. గుండ్రటి అడుగున్న మూకుడులో పావుకిలో బెల్లంతో చేసే పాకం రెండు మూడు సెంటీమీటర్ల లోతు కూడా ఉండదు. డయల్ థర్మామీటరులో వేడిని గ్రహించే లోహపు చుట్ట కాడలో కొంత పొడవునా ఉంటుంది కనుక, అది ఐదారు సెంటీమీటర్లు మునగనిదే సరిగా చూపదు. గాజు రకానికి అడుగు తగలకుండా బల్బు పూర్తిగా మునగాలి, అంచుకు క్లిప్పు నిలవాలి. అందుకు నిట్టనిలువు గోడల గిన్నె కావాలి. కొసలోనే సెన్సరున్న డిజిటల్ రకానికి కొద్దిపాటి లోతు చాలు. ఇంటి వంటకు నేను దీన్నే ఎంచుకోమంటాను, అందులోనూ తెర ఆవిరికి దూరంగా ఉండేలా పొడవాటి తీగ ఉన్నది మేలు.

కొన్నాక మొదట మరిగే నీటిలో పెట్టి చూడండి. హైదరాబాద్ ఎత్తులో నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. మీ పరికరం 98 చూపితే, పైన చెప్పిన ప్రతి అంకెలోనూ రెండు తగ్గించుకోవాలి. 101 చూపితే ఒకటి కలుపుకోవాలి. ఎత్తు వల్ల వచ్చిన తేడా, పరికరంలోని తేడా రెండూ ఇందులోనే సరిపోతాయి. బెల్లంలో మలినాలు, ఇతర చక్కెరలు దిమ్మ దిమ్మకూ మారుతాయి కనుక, అరిసెల పాకానికి అంకె దగ్గరపడగానే చన్నీళ్ల పరీక్ష కూడా చేయాలి.

వచ్చే పాఠంలో వేరుశనగ అచ్చులు చేస్తాం. ఆలోగా మీ మరిగే నీటి అంకెను రాసి ఉంచుకోండి.