అమెరికా నుంచి వచ్చిన నియాసిన్ డబ్బా: షుగర్ ఉన్నవాళ్లు మూత తీసే ముందు

సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికొచ్చేటప్పుడు సూట్‌కేసులో విటమిన్ డబ్బాలు తేవడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. మల్టీవిటమిన్, ఫిష్ ఆయిల్ పక్కన ఒక్కోసారి నియాసిన్ కూడా ఉంటుంది. "నాన్నా, నీకు కొలెస్ట్రాల్ ఎక్కువ కదా, ఇది బి3 విటమినే, ఏం కాదు" అని ప్రేమగానే చేతిలో పెడతారు. ఆ నాన్నకు షుగర్ కూడా ఉంటే, లేదా షుగర్ అంచున ఉన్నారని డాక్టర్ ఇదివరకే చెప్పి ఉంటే, ఆ డబ్బాను వెంటనే మొదలుపెట్టకండి. ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొట్టమొదట మోతాదు చూడండి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన నియాసిన్ సుమారు 15 మిల్లీగ్రాములు. పల్లీలు, చికెన్, చేపలు, పప్పులు తినే ఇంట్లో అది తిండిలోంచే వచ్చేస్తుంది. డబ్బా మీద మాత్రం 500 అని ఉంటుంది, అంటే ముప్పై రెట్లకు పైనే. కొలెస్ట్రాల్ కోసం వాడిన మోతాదులైతే రోజుకు 1000 నుంచి 3000 మిల్లీగ్రాములు. అంత ఎక్కువ మోతాదులో నియాసిన్ కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని కెనడా పరిశోధకులు 1955లోనే చూపించారు. ఆ మోతాదులో దాన్ని విటమిన్ అనుకోకూడదు, మందు అనుకోవాలి. మందన్నాక దాని ఇబ్బందులు దానికుంటాయి.

షుగర్ ఎందుకు పెరుగుతుందంటే, నికోటినిక్ యాసిడ్ రూపంలోని నియాసిన్ ముందు కొవ్వు కణాల్లోంచి కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి రాకుండా ఆపుతుంది. దాని ప్రభావం తగ్గగానే అవి ఒక్కసారిగా ఎక్కువై వస్తాయి. అప్పుడు కండరాలు ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు, లివర్ కూడా గ్లూకోజును ఎక్కువగా వదులుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాంక్రియాస్ ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. ఇప్పటికే అలసిపోయిన పాంక్రియాస్‌కు ఆ ఓపిక ఉండదు.

ఈ పెరుగుదల అందరిలో ఒకేలా ఉండదు. చాలామందిలో కొద్దిగానే ఉంటుంది, మందు సర్దితే అదుపులోకి వస్తుంది. అయినా తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకు అంటున్నానంటే, 2014లో హెచ్‌పీఎస్2-థ్రైవ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. బ్రిటన్, చైనా, స్కాండినేవియా దేశాల్లో 25,673 మంది పాల్గొన్నారు. రోజుకు 2 గ్రాముల నెమ్మదిగా విడుదలయ్యే నియాసిన్‌ను, దానివల్ల ఒళ్లు ఎర్రబడకుండా ఆపే ఇంకో మందుతో కలిపి, సుమారు నాలుగేళ్లు వాడారు. షుగర్ ఉన్నవాళ్లలో అది తీవ్రంగా అదుపు తప్పడం 55 శాతం ఎక్కువగా కనబడింది. షుగర్ లేనివాళ్లలో కొత్తగా షుగర్ రావడం 32 శాతం పెరిగింది. ఇంత చేసినా గుండెపోట్లు, పక్షవాతాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుతో కలిపి నియాసిన్ వాడటానికి ఇచ్చిన అనుమతులను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో వెనక్కి తీసుకుంది.

కాబట్టి డాక్టర్‌ను ముందు అడగాల్సింది "ఎంత వేసుకోవాలి" అని కాదు, "నాకు ఇది అసలు అవసరమా" అని. స్టాటిన్ మాత్ర మానేసి దాని బదులు నియాసిన్ వేసుకోవడం మాత్రం దయచేసి చేయకండి. గుండెను కాపాడుతున్నదాన్ని వదిలేసి, షుగర్ పెంచేదాన్ని తెచ్చుకున్నట్టవుతుంది.

తర్వాత లేబుల్ చదవండి. నియాసిన్ అన్న మాట పక్కనే ఏ రూపమో రాసి ఉంటుంది. నికోటినిక్ యాసిడ్ అని ఉంటే పైన చెప్పుకున్నదంతా దానికి వర్తిస్తుంది. నియాసినమైడ్ లేదా నికోటినమైడ్ అని ఉంటే అది వేరు. ఒళ్లు ఎర్రబడదు, కొలెస్ట్రాలూ తగ్గదు. మన మందుల షాపుల్లో దొరికే బీ కాంప్లెక్స్ మాత్రల్లో సాధారణంగా ఉండేది ఇదే, అదీ తక్కువ మోతాదులోనే. మీ డాక్టర్ రాసిన బీ కాంప్లెక్స్‌ను ఈ వ్యాసం చదివి ఆపాల్సిన పని లేదు. అయితే నియాసినమైడ్‌నైనా గ్రాముల లెక్కన సొంతంగా వాడకూడదు. ఇక ఫ్లష్ ఫ్రీ, అంటే ఒళ్లు ఎర్రబడదు, అని అమ్మేవాటిలో చాలావరకు ఇనోసిటాల్‌తో కలిపిన రూపం ఉంటుంది. అందులోంచి ఒంటికి అందే నికోటినిక్ యాసిడ్ చాలా తక్కువ. డబ్బు పెట్టి కొనడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఈ విటమిన్ మీద అనవసరమైన భయమూ వద్దు. జొన్నలే ప్రధాన ఆహారమైన దక్కన్ పేద కుటుంబాల్లో ఒకప్పుడు నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా అనే జబ్బు కనబడేది. ఎండ తగిలే చోట చర్మం నల్లగా గరుకుగా మారడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం దాని మీద ఎంతో పనిచేసింది. అలాంటి లోపం ఉందని తేల్చి డాక్టర్ నికోటినమైడ్ రాస్తే, షుగర్ ఉన్నా వాడాల్సిందే.

అన్నీ చూసి డాక్టరే నియాసిన్ మొదలుపెట్టమన్నారనుకుందాం. ముందు ఫాస్టింగ్, తిన్న తర్వాత షుగర్, హెచ్‌బీఏ1సీ, లివర్ పరీక్ష, యూరిక్ యాసిడ్ చేయించి కాగితాలు దాచుకోండి. లివర్ జబ్బు, కడుపులో పుండు, గౌట్ ఉంటే ముందే చెప్పాలి. పండగ వారంలో మాత్రం మొదలుపెట్టకండి. అరిసెలు, సున్నుండలు తింటూ, రాత్రి ఆలస్యంగా పడుకుంటూ కొత్త మాత్ర వేసుకుంటే, షుగర్ 240 చూపించినప్పుడు తప్పు అరిసెదా మాత్రదా ఎవరూ చెప్పలేరు. పండగ అయ్యి, తిండి మామూలుకొచ్చి, రెండు వారాలు షుగర్ నిలకడగా ఉన్నాక మొదలుపెట్టండి. అదే సమయంలో షుగర్ మందు గానీ, డైట్ గానీ మార్చకండి.

మొదటి రోజుల్లో అసలైన చిక్కు ఇంకోటుంది. నికోటినిక్ యాసిడ్ వేసుకున్న కాసేపటికి ముఖం, మెడ, ఛాతీ వేడెక్కి ఎర్రబడతాయి, దురద పెడుతుంది. కొందరికి చెమట, గుండెదడ, తల తిరగడం కూడా ఉంటాయి. షుగర్ పడిపోయినప్పుడూ చెమటలు, దడే కదా! ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కంగారుపడి పంచదార నీళ్లు తాగేస్తే, అసలే పెరగబోతున్న షుగర్ ఇంకా పెరుగుతుంది. అలాగని ఇది నియాసిన్ వేడే అనుకుని ఊరుకుంటే, నిజంగా షుగర్ పడిపోయిన రోజున ప్రాణం మీదకొస్తుంది. అందుకే గ్లూకోమీటర్, స్ట్రిప్స్ చేతికి అందేచోట పెట్టుకుని వెంటనే చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మీటర్ దగ్గర లేకపోతే షుగర్ పడిందనే అనుకుని తీపి తీసుకోండి, కాస్త పెరిగినా పర్లేదు. మాత్రను భోజనంతో వేసుకుని, ఆ పూట వేడి కాఫీ, మద్యం మానితే ఆ వేడి కొంత తగ్గుతుంది. బీపీ మందు వాడేవాళ్లు మంచం మీంచి నెమ్మదిగా లేవాలి.

మొదటి రెండు మూడు నెలలు, ఆపైన మోతాదు పెంచిన ప్రతిసారీ, షుగర్ మామూలు కంటే తరచుగా చూసుకోవాలి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు కాబట్టి, దాని కోసం ఎదురుచూస్తూ రోజువారీ పరీక్షలు వదిలేయొద్దు. మూత్రంతో చేసే పాత బెనెడిక్ట్ పరీక్షను నమ్మకండి, నియాసిన్ వాడేవాళ్లలో అది తప్పు చూపించవచ్చు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, స్టాటిన్ కూడా వాడుతూ కండరాలు బాగా నొప్పెడుతున్నా మాత్ర ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షుగర్ 300 దాటి వాంతులు అవుతుంటే ఇంట్లో ఉండకుండా ఆసుపత్రికే వెళ్లాలి.

డబ్బా అయిపోయిందని షాపులో ఇంకో కంపెనీది తెచ్చుకోవడం కూడా ప్రమాదమే. వెంటనే కరిగే రకం నుంచి నెమ్మదిగా విడుదలయ్యే రకానికి అదే మోతాదులో మారినవాళ్లలో లివర్ తీవ్రంగా దెబ్బతిన్న సందర్భాలున్నాయి. కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టాలన్నా పాత మోతాదుతో కాదు, డాక్టర్‌ను అడిగి తక్కువ నుంచే. నియాసిన్ వల్ల షుగర్ పెరిగిందని ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ పెంచి ఉంటే, నియాసిన్ ఆపే రోజున ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. పెంచిన షుగర్ మందు అలాగే కొనసాగితే తర్వాతి రోజుల్లో షుగర్ పడిపోవచ్చు, ముఖ్యంగా రాత్రి ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు.