మనసు నిలకడ కోసం మూలాధార చక్ర సాధన ఎలా చేయాలి?

ఉద్యోగం పోయినప్పుడు, పుట్టిన ఊరు వదిలి దూరదేశం వెళ్ళవలసి వచ్చినప్పుడు, ఇంట్లో ఒకరు శాశ్వతంగా దూరమైనప్పుడు కాళ్ళ కింద నేల కదిలిపోయినట్లు చాలామందికి అనిపిస్తుంది. నిద్ర సరిగా పట్టదు, చేతిలో ఉన్న పని మీద దృష్టి నిలవదు, ఇదీ కారణమని చెప్పలేని దిగులు కడుపులో మెలిపెడుతూ ఉంటుంది. ఇటువంటి స్థితిలో యోగ సాధకులు ముందుగా పట్టుకోమని చెప్పేది వెన్నెముక అడుగున భావించే మూలాధార చక్రాన్ని. రోజుకు అరగంటలోపు, ఇంట్లోనే, కొత్తవారు కూడా చేయదగిన సాధనను ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. కుండలినిని, అంటే మూలాధారంలో నిద్రాణంగా ఉంటుందని యోగ గ్రంథాలు చెప్పే శక్తిని, మేల్కొల్పడం దీని ఉద్దేశం కాదు. అది గురువు సమక్షంలో, ఏళ్ళ తరబడి సాగవలసిన వేరే మార్గం.

మొదలుపెట్టే ముందు

మూలాధారాన్ని సవివరంగా వర్ణించిన గ్రంథాలలో పూర్ణానంద యతి 1577లో రచించిన షట్చక్ర నిరూపణం ముఖ్యమైనది. అందులో ఈ చక్రం నాలుగు ఎర్రని దళాల పద్మం. దళాల మీద వ, శ, ష, స అనే అక్షరాలు. మధ్యలో పృథివీ తత్త్వానికి గుర్తుగా పసుపుపచ్చని చతురస్రం. దానికి బీజాక్షరం, అంటే జపానికి వాడే ఒక్క అక్షరపు మంత్రం, 'లం'. ఆ బీజానికి వాహనం ఏనుగు. నేడు యోగా బొమ్మలలో మూలాధారం అంతా ఎరుపే కనిపిస్తుంది గానీ, ధ్యానానికి ఆ పసుపు చతురస్రమే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే నాలుగు మూలలూ సమంగా నేల మీద ఆనిన ఆకారం మీద మనసు త్వరగా కుదురుకుంటుంది.

భయం, అభద్రత మూలాధారానికి సంబంధించినవనే మాట ఇప్పుడు బాగా ప్రచారంలో ఉన్నా, ఆ రూపంలో అది చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య వ్యాఖ్యాతలు చేర్చినది. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో ఇదే చక్రపు నాలుగు దళాలకు నాలుగు రకాల ఆనందాలను చెప్పాడు. కాబట్టి 'మీ మూలాధారం మూసుకుపోయింది' అని ఎవరైనా నిర్ధారించి ఎర్ర రాళ్ళో, యంత్రాలో కొనమంటే కంగారుపడనక్కరలేదు. చక్రం స్కానింగులో కనిపించే అవయవం కాదు, దానిని కొలిచే పరీక్ష ఏదీ లేదు. అది ధ్యానంలో మనసును నిలపడానికి పెద్దలు ఎంచిన చోటు. సమతుల్యం చేయడం అంటే ఇక్కడ ఆలోచనల సుడిలో తిరుగుతున్న దృష్టిని దేహపు అడుగుభాగానికి, నేలకు దించి, అక్కడ కాసేపు ఉండనివ్వడమే.

సాధనకు ఉదయం, కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఖాళీ కడుపుతో ఉన్న సమయం అన్నిటికన్నా అనుకూలం. కుదరనివారు రాత్రి భోజనానికి ముందు చేయవచ్చు. చాప లేదా దుప్పటి, కూర్చోవడానికి కాస్త ఎత్తైన దిండు చాలు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు పూర్తిగా ఆనించుకుంటే ఫలితంలో లోటు ఏమీ ఉండదు.

1. పాదాలను నేలకు ఆనించడం

నిద్ర లేవగానే మంచం దిగక ముందు 'సముద్రవసనే దేవి' శ్లోకం చదివి, కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమించమని కోరే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. శ్లోకం చదివినా చదవకపోయినా, రెండు పాదాలనూ నెమ్మదిగా నేల మీద పెట్టి, చల్లదనాన్నీ గరుకుదనాన్నీ గమనిస్తూ కాసేపు అలాగే కూర్చోండి. ఫోను అప్పటికింకా చేతిలోకి రాకూడదు.

తరువాత లేచి తాడాసనంలో నిలబడండి. రెండు పాదాల మధ్య జానెడు దూరం ఉంచి, బరువును ముందు మడమల మీదికి, తరువాత బొటనవేలి మొదలుకు, చివరగా చిటికెనవేలి వైపుకు మారుస్తూ చూస్తే, మనం ఎంత ఒరిగి నిలబడుతున్నామో తెలుస్తుంది. బరువు అన్ని వైపులా సమంగా పడే చోట ఆగి, మోకాళ్ళను బిగించకుండా, భుజాలను జారవిడిచి రెండు నిమిషాలు నిలవండి. పచ్చికలోనో మట్టిలోనో చెప్పులు లేకుండా నిలబడగలిగితే మరీ మంచిది. అయితే మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు బయట వట్టికాళ్ళతో తిరగకూడదు, ముల్లు గుచ్చుకున్నా తెలియక పుండు పడే ప్రమాదం ఉంది.

2. కాళ్ళకు, తుంటికి పని చెప్పడం

కలతలో ఉన్న మనిషిని నేరుగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటే ఆలోచనలు మరింత ముసురుకుంటాయి. అందుకే ముందు కాళ్ళలోని పెద్ద కండరాలకు పని కల్పించాలి. ఒక కాలు ముందు వంచి, మరొకటి వెనక్కు చాచి నిలబడే వీరభద్రాసనం రెండు వైపులా, ఒంటికాలి మీద నిలిచే వృక్షాసనం గోడ పక్కన నిలబడి రెండు వైపులా, ఆ తరువాత గొంతుకూర్చునే మాలాసనం చేయండి. ఒక్కొక్క దానిలో అయిదారు నిదానమైన శ్వాసల సేపు ఉంటే సరిపోతుంది. మాలాసనంలో మడమలు నేలకు ఆనకపోతే వాటి కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచుకోవాలి. చివరగా బాలాసనంలో, అంటే మడమల మీద కూర్చుని ముందుకు వంగి, నుదురు నేలకు ఆనించి ఒక నిమిషం ఉండండి. కాళ్ళలో కాస్త వేడి, తొడలలో కొద్దిగా వణుకు తెలిస్తే అక్కడితో ఆపండి. చెమటలు పట్టేదాకా చేయడం ఈ సాధనకు అవసరం లేదు.

3. శ్వాసను అడుగుదాకా దించడం

మొత్తం సాధనలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఈ మెట్టు మీదే. సుఖాసనంలోనో (బాసింపట్టు వేసుకుని), వజ్రాసనంలోనో (మోకాళ్ళు మడిచి మడమల మీద) కూర్చుని, కటి ఎముకల కింది భాగాలు రెండూ ఆసనాన్ని సమంగా నొక్కుతున్నాయో లేదో చూసుకోండి. భయంలో ఉన్నప్పుడు మనకు తెలియకుండానే పొట్టను బిగపట్టి, ఛాతీ పైభాగంతో గబగబా ఊపిరి తీస్తాం. ఆ బిగింపును వదలడానికి ఒక చేతిని బొడ్డు కింద ఉంచి, అది శ్వాసతో పాటు ముందుకు, వెనక్కు కదిలేలా చూడండి.

శ్వాస నిజంగా ఊపిరితిత్తుల కిందికి వెళ్ళదు కదా అనే సందేహం సహజమే. గాలి వెళ్ళదు, కానీ కదలిక వెళుతుంది. ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉన్న ఉదర వితానం అనే కండరం కిందికి దిగి, పొట్టలోని అవయవాలను మెల్లగా నొక్కుతుంది. ఆ ఒత్తిడికి కటి అడుగున ఊయలలా పరుచుకున్న కండరాలు స్వల్పంగా కిందికి వంగుతాయి. ఊపిరి వదిలినప్పుడు అవి తిరిగి పైకి లేస్తాయి. మూలాధార స్థానంగా శాస్త్రాలు చెప్పిన చోటు, గుదానికీ జననేంద్రియానికీ నడుమ ఉన్న ప్రదేశం, సరిగ్గా ఈ కండరాల మధ్యలోనే ఉంది. కాబట్టి అక్కడ శ్వాసను గమనించమనడం ఊహ మాత్రమే కాదు. ఓపికగా చూస్తే ఆ చిన్న కదలిక నిజంగానే తెలుస్తుంది. మొదటి రోజుల్లో తెలియకపోతే బలవంతం చేయకుండా, ఆసనానికి తగులుతున్న ఒత్తిడిని గమనించండి చాలు.

కదలిక తెలిశాక లెక్క మొదలుపెట్టండి. నాలుగు అంకెల సేపు ముక్కుతో ఊపిరి తీసుకుని, ఆరు అంకెల సేపు వదలాలి. అంకెకు ఒక సెకను చొప్పున చూస్తే నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. వదిలే సమయాన్ని పొడిగించడంలోని కిటుకు ఇదే. ఊపిరిని లోపల బిగపట్టడం ఎవరికీ అవసరం లేదు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు అసలే చేయకూడదు. అయిదు నిమిషాలు ఇలా సాగించండి. తల తిరిగినట్లు అనిపిస్తే లెక్క మానేసి మామూలుగా ఊపిరి తీసుకోవాలి.

4. చతురస్రం, బీజాక్షరం

ఇప్పుడు కళ్ళు మూసుకుని, మీరు కూర్చున్న చోట మీ బరువును మోస్తున్న పసుపుపచ్చని చతురస్రాన్ని భావించండి. రంగు స్పష్టంగా కనిపించాలనే పట్టుదల వద్దు, నాలుగు మూలలు ఉన్నాయన్న ఎరుక ఉంటే చాలు. ఊపిరి తీసుకుని, వదిలేటప్పుడు కింది స్థాయిలో, గొంతు నొక్కకుండా 'లం' అనండి. అకారాన్ని పొట్టిగా పలికి, చివరి మకారాన్ని పెదవులు మూసి ఊపిరి ఉన్నంతసేపు మోగించాలి. అలా మోగించడం వల్ల వదిలే శ్వాస లెక్కపెట్టకుండానే పొడవవుతుంది. నాదం మూలాధారం నుంచి పుడుతుందని మన సంగీతజ్ఞులు గట్టిగా నమ్మారు. ఆ నాదాన్ని ఎరగడమే మోక్షమని త్యాగరాజు శంకరాభరణ రాగంలోని ఒక కృతిలో చెప్పాడు. పాడడం వచ్చినవారు మంద్ర షడ్జాన్ని, అంటే కింది స్థాయి 'స' స్వరాన్ని, ఆధారంగా పెట్టుకుంటే పొట్ట కింది భాగంలో కంపనాన్ని సులువుగా పట్టుకుంటారు.

పదకొండు లేదా ఇరవై ఒక్కసార్లు పైకి పలికాక, అన్నిసార్లే మనసులో అనుకుని, చివరకు శబ్దాన్ని కూడా వదిలి రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చోండి. పేర్ల మీద, బీజాల మీద మతపరమైన అభ్యంతరం ఉన్నవారు అదే పొడవుతో పెదవులు మూసి మూలిగినట్లు చేసినా శ్వాస మీద ప్రభావం ఒకటే.

5. మూలబంధం కావాలా?

పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపిక మూలబంధాన్ని మడమతో మూలాధార స్థానాన్ని నొక్కి, గుదాన్ని సంకోచింపజేసి, అపాన వాయువును (దేహంలో కిందికి కదిలే ప్రాణశక్తిని) పైకి లాగే క్రియగా చెప్పింది. చాలా వీడియోలు దీనితోనే మొదలుపెట్టిస్తాయి. నా అభిప్రాయంలో కలతతో ఉన్నవారు ముందు నేర్చుకోవలసింది బిగించడం కాదు, వదలడం. వారి దేహం అప్పటికే బిగిసి ఉంటుంది. తప్పక చేయాలనుకుంటే, ఊపిరి వదిలేటప్పుడు చాలా మెత్తగా బిగించి, తీసుకునేటప్పుడు పూర్తిగా వదలండి, అదీ అయిదారు సార్లే. గర్భిణులు, హెర్నియా ఉన్నవారు, మొలలకు ఇటీవల శస్త్రచికిత్స అయినవారు దీని జోలికి వెళ్ళకూడదు.

సాధన ముగిశాక అయిదు నిమిషాలు శవాసనంలో వెల్లకిలా పడుకుని ఉండి, కుడివైపుకు ఒత్తిగిలి, చేతి ఊతతో నెమ్మదిగా లేవాలి.

పగటిపూట గాభరా కమ్మినప్పుడు

ఆఫీసులోనో బస్సులోనో ఒక్కసారిగా గుండెదడ మొదలైతే చాప పరవడం కుదరదు. అప్పుడు మానసిక నిపుణులు కూడా చెప్పే ఒక పద్ధతి ఉంది: కనిపించే అయిదు వస్తువులను, తాకగలిగే నాలుగింటిని, వినిపించే మూడు చప్పుళ్ళను, రెండు వాసనలను, ఒక రుచిని వరుసగా గుర్తించడం. పంచభూతాలలో పృథివికి మాత్రమే శబ్ద, స్పర్శ, రూప, రస, గంధాలు అయిదూ ఉన్నాయని మన దర్శనాలు చెబుతాయి గనుక, మూలాధార సాధకులకు ఇది కొత్తగా తోచదు. అందులోనూ గంధం పృథివి ప్రత్యేక గుణం. కర్పూరం బిళ్ళనో, వట్టివేరు ముక్కనో చిన్న డబ్బాలో వెంట ఉంచుకుని, మనసు చెదిరినప్పుడు వాసన చూస్తూ పాదాలను నేలకు నొక్కితే కొద్ది నిమిషాలలో తెరిపి కలుగుతుంది.

ఆహారం విషయంలో ఎరుపు రంగు పదార్థాలే తినాలని ఈ మధ్య సలహాలు ఇస్తున్నారు. లలితా సహస్రనామం మాత్రం మూలాధార పద్మంలోని సాకినీ దేవికి ముద్గౌదనం, అంటే పెసరపప్పు అన్నం, ఇష్టమని చెబుతుంది. వేడి పులగంలో కాస్త నెయ్యి వేసుకుని వేళకు తినడం, రంగు చూసుకుని పళ్ళు కొనడం కంటే దిగులుగా ఉన్న మనిషికి ఎక్కువ మేలు చేస్తుంది. సాయంత్రం దాటాక కాఫీ, టీలు మానుకుంటే నిద్రకు అడ్డంకి తగ్గుతుంది.

ఎంతకాలం, ఎక్కడ ఆగాలి

దీక్షలకు పెట్టుకునే మండలం లాగా 41 రోజులు ఒకే వేళకు చేసి చూడండి. మధ్యలో ఒకరోజు తప్పితే మర్నాడు కొనసాగించాలి, మొదటికి రానక్కరలేదు. వెలుగులు కనిపించాయా, వెన్నులో వేడి పుట్టిందా అని వెతకడం కంటే, రాత్రి ఎంత త్వరగా నిద్ర పడుతోంది, కోపమో భయమో వచ్చాక మామూలు కావడానికి ఎంతసేపు పడుతోంది అన్నది వారానికోసారి రాసిపెట్టుకుంటే సాధన పనిచేస్తున్నదీ లేనిదీ తేలుతుంది.

కళ్ళు మూసుకోగానే పాత గాయాల జ్ఞాపకాలు ముంచెత్తేవారు కళ్ళు తెరిచే సాధన చేయాలి, మొదటి రెండు మెట్లకే పరిమితం కావాలి. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, తిండి నిద్రలు పాడైనా, ప్రాణం తీసుకోవాలన్న తలంపు ఒక్కసారి వచ్చినా, సాధనతోనే నెట్టుకురాకుండా వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వైద్యులు మందులు రాస్తే వాటిని కొనసాగిస్తూనే ఈ సాధన చేసుకోవచ్చు. మనసు కుదుటపడిందని సొంతంగా మాత్రలు ఆపేయకూడదు.

41 రోజులయ్యాక నిలకడ చిక్కినట్లు అనిపిస్తే ఆసనాల సమయం తగ్గించి, మూడో మెట్టులోని శ్వాసకు, చివర్లో ఊరికే కూర్చునే సమయానికి ఆ నిమిషాలను కలపండి. స్వాధిష్ఠానం, మణిపూరం అంటూ పై చక్రాలకు వెళ్ళాలనుకునేవారు ఆ దశలో నేర్పేవారి దగ్గర కూర్చుని నేర్చుకోవడం మంచిది.